తలుపు దగ్గర ఆగే శత్రువు

"వీడు నన్ను చంపడానికొచ్చాడా, కాఫీ తాగడానికొచ్చాడా?" అన్నాడు రమ్జీ.

తెర మీద తుపాకీ పట్టుకున్న శత్రువు తలుపు ముందు ఆగాడు. గొంతు సవరించుకుని, ఆడవాళ్లున్న ఇంటికి వచ్చిన మగవాడిలా "దారి, దారి" అన్నాడు. కళ్లు దించుకుని కాసేపు నిలబడ్డాడు. ఈలోగా రమ్జీ లోపలి నుంచి తీరిగ్గా గురిచూసి వాణ్ని కాల్చి పడేశాడు.

పాత షూటింగ్ గేమ్ అది. రమ్జీ, ఫొదిల్ కలిసి రమ్జీ ఇంట్లో కూర్చుని దాన్ని, అంతర్యుద్ధం నడిచిన తొంభైల నాటి తమ ఊరు బ్లిదా సందుల్లోకి మార్చేస్తున్నారు. అప్పటికి రమ్జీ పుట్టనే లేదు. అయినా ఇళ్లూ గోడలూ గీసింది అతనే. శత్రువులు ఎలా నడవాలో, ఎప్పుడు కాల్చాలో కోడ్ రాసే పని ఫొదిల్‌ది. రమ్జీ కంటే చాలా పెద్దవాడు. పిన్ని ఇంట్లో పెరిగాడు, మాట తక్కువ. సాయంత్రానికల్లా గేమ్‌ని నెట్‌లో పెట్టాలి.

"అసలు గేమ్‌లో తలుపు తన్నుకుంటూ వచ్చేవాళ్లు కదన్నా. గుండె జారిపోయేది. ఆ తన్ను ఎందుకు తీసేశావు?"

"తన్నరు," అన్నాడు ఫొదిల్.

"పోనీ ఆ ఆగడమైనా తగ్గించు. అంతసేపా?"

"అంతసేపు పడుతుంది."

"దేనికి?"

ఫొదిల్ చల్లారిన కాఫీ గుక్క వేశాడు. రుచేమీ తెలియలేదు.

రమ్జీకి ఒళ్లు మండింది. "ఈ మర్యాదస్తుల్ని చూస్తే జనం నవ్విపోతారు. ఆ తలుపు మారుస్తావా, నా ఇళ్లు నన్ను తీసేసుకోమంటావా?"

కోపం రావాలి. ఫొదిల్‌కి రాలేదు. ఎప్పట్నుంచో ఏదీ అతని దాకా రావడం లేదు. ఇళ్లు పోయినా ఫరవాలేదు, ఈ ఒక్క తలుపు మాత్రం ఉన్నదున్నట్టు ఉండాలి. లేకపోతే ఇంత పనీ చేసింది ఎందుకో అతనికే తెలియదు.

అంతలో వీధి గుమ్మం దగ్గర మగగొంతు వినిపించింది.

"దారి, దారి."

కుళాయి బాగుచేసే మనిషి. వంటింట్లోంచి రమ్జీ తల్లి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్కార్ఫ్ తలమీదికి లాక్కుని మెడ కింద ముడేసుకుంది. తలుపు తీసి, "పొద్దుట్నుంచీ నీకోసమే చూస్తున్నా నాయనా. ఆ కుళాయి నా ప్రాణం తీస్తోంది," అంది.

ఫొదిల్ ఆమె చేతుల్నే చూశాడు. ముడి పడేదాకా చూసి, "సరిగ్గా అంతే," అనుకున్నాడు.

"చూశావుగా," అన్నాడు రమ్జీ. "అలా పిలిచేది మనవాళ్లు. పిలిచినవాడు శత్రువు కాదని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది."

"అప్పుడు నేనూ చిన్నపిల్లాణ్నే, అలాగే అనుకున్నాను," అన్నాడు ఫొదిల్, "మా అమ్మ కూడా అలాగే అనుకుంది, ఆ తుపాకులవాళ్లు 'దారి' అనగానే స్కార్ఫ్ ముడేసుకుని తనే వెళ్లి తలుపు తీసింది."