కింది వరుస

“ఇంతకీ ఇదేంటి సార్?”

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుంటూ అడిగాడు.

కవిగారికి ఒళ్లు మండింది. కంపెనీ సరుకుల లేబుళ్లకు మాటలు రాసే అతన్ని అందరూ ‘కవిగారు’ అనే పిలుస్తారు. అందులో సగం వెటకారమని అతనికి తప్ప అందరికీ తెలుసు.

“రాసే ఉందిగా, చదవండి!”

పెద్దాయన బుద్ధిగా చదివాడు.

“స్వర్ణ జంబీర సుధ. ప్రతి బొట్టులో ఒక ప్రభాతం.”

“ఎలా ఉంది?”

“బాగుంది సార్. కానీ ఇది తాగేదా, ఒంటికి రాసుకునేదా?”

“నేల తుడుచుకునేది!”

“మరి ఆ మాటే రాయొచ్చు కదా సార్?”

“అలా రాస్తే ఎవడు కొంటాడండీ? ఒకప్పుడు మా కంపెనీకి ‘తేనె వాన’ అని రాసిన మహానుభావుడు ఉండేవాడు. ఆ లేబుల్ నా బల్ల అద్దం కింద పెట్టుకుని పని నేర్చుకున్నవాణ్ని. మీరా నాకు చెప్పేది? తప్పులు దిద్దండి, చాలు.”

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

సాయంత్రానికి ప్రూఫు వచ్చింది. రాసినవాళ్లు చదివి సంతకం పెడితేనే అచ్చుకు వెళ్లడం ఆ ప్రెస్సు పద్ధతి. కవిగారు పైనున్న బంగారు రంగు అక్షరాలు చూసి మురిసిపోయి, కింద సంతకం గీకేశాడు.

నెల తిరిగేసరికి సీసాలు వచ్చాయి. అతను ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు.

లేబుల్ అడుగున లావుపాటి నల్లటి అక్షరాలు: ‘ఇది నేల తుడవడానికి. తాగకూడదు.’

ప్రెస్సుకు పరుగెత్తాడు.

“ఎవరు చేర్చమన్నారు దీన్ని? నా పరువు తీశారు!”

“నేనే చేర్చాను సార్. ప్రూఫులో ఉంది. దాని కిందే మీ సంతకమూ ఉంది.”

ఉంది మరి! చేసిన పొరపాటు తనదే కావడంతో కవిగారికి ఉక్రోషం ఇంకా పెరిగింది.

“ఈయన ఇక్కడుంటే మా కంపెనీ అచ్చుపని ఇక మీకివ్వం” అని ప్రెస్సు యజమానితో తెగేసి చెప్పాడు. “మళ్లీ వేసేటప్పుడు ఆ వరుస తీసేయండి.”

పెద్దాయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని, చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం, కవిగారు ఇంటికి తెచ్చిన సీసా వంటగట్టు మీద ఉంది.

“నాన్నా! దీని మీద నిమ్మకాయ బొమ్మ ఉంది!”

ఆరేళ్ల కూతురి గొంతు విని కవిగారు పేపరు పారేసి పరుగెత్తాడు. మూత తీసిన సీసా. పక్కన నిండా పోసిన గ్లాసు.

“తాగావా తల్లీ?”

“పైన మాటలు నాకు రావు నాన్నా. కిందవే వచ్చాయి.” పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. “తా... గ... కూ... డ... దు. అందుకే తాగలేదు!”

కవిగారు అక్కడే కూలబడి బిడ్డను గుండెలకు హత్తుకున్నాడు. బతికిపోయాననుకున్నాడు. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

“వదులు నాన్నా, నలిగిపోతున్నా!”

ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉందో!

మర్నాడు ప్రెస్సు తలుపు తీసేసరికే అతను గుమ్మంలో ఉన్నాడు.

“ఆ వరుస తీయొద్దు. ఇంకా లావుగా వేయండి. పెద్దాయన్ని పిలిపించండి, కాళ్లు పట్టుకుంటాను.”

“నిన్ననే ఊరు వదిలి వెళ్లిపోయారండీ. ఎక్కడికో చెప్పలేదు” అన్నాడు యజమాని.

“అసలెవరండీ ఆయన?”

“ఎప్పుడో ఆయన మనవరాలు గిన్నెలు తోమే సబ్బునీళ్లు తాగేసింది. పిల్ల దక్కింది. ఆయన మాత్రం ఆ రోజుతో రాయడం మానేసి, ప్రూఫులు దిద్దుకుంటూ ఇక్కడే ఉండిపోయారు.”

“రాయడమా? ఏం రాసేవారు?”

“ఆ సబ్బునీళ్ల సీసా మీద ‘తేనె వాన’ అని రాసింది ఆయనే కదండీ!”