ఎర్ర అట్ట

“ఆ సీసాలు గూడా అట్టపెట్టెలో సర్దేయి పాపక్కా. మద్యాన్నం బస్సుకు కుప్పం పోతాండా,” అంది సుధారాణి, వెనక్కి తిరక్కుండానే.

పాపక్క చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది. వారం రోజులుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. అన్నం సయించడం లేదు. మదనపల్లె శివార్లలోని ఆ చిన్న ల్యాబులో కుందేళ్లకు మేత వేసి, గూళ్లు కడిగే పని ఆమెది. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. చదువు రాదు, సంతకం మాత్రం వంకర లేకుండా పెడుతుంది. సుధారాణి అక్కడి శాస్త్రవేత్త. ఆవులకు గొంతువాపు రాకుండా డీఎన్ఏ టీకా కనిపెట్టాలని నాలుగేళ్లు ఆ గదిలోనే గడిపింది.

ఆ టీకా సంగతి పాపక్కకు ఆమే విప్పి చెప్పింది. “పోలీస్ టేషన్లో దొంగ ఫోటో తగిలిస్తారు సూడు, అట్లాంటిదక్కా. రోగం తెచ్చే పురుగును పంపకుండా దాని గుర్తు మాత్రం ఒంటికి సూపిస్తాం. రేపు అసలు పురుగు వస్తే ఒళ్లే కనిపెట్టి కొడతాది.” పాపక్క పాడి ఆవు గొంతువాపుతోనే ఒక్క పూటలో పోయింది. అందుకే టీకా రాగానే ముందు తమ ఊరికే వేస్తానని సుధారాణి చేత మాట కూడా ఇప్పించుకుంది.

ముందు కుందేళ్ల మీద పరీక్ష. ఒక గూట్లో ఆరు కుందేళ్లకు టీకా, ఇంకో గూట్లో ఆరింటికి ఉత్త ఉప్పునీళ్లు. తర్వాత పన్నెండింటికీ రోగం ఎక్కించారు. ఐదో రోజు, ఈ పనికి గ్రాంటు ఇచ్చే బెంగుళూరు వాళ్లు చూడడానికి వచ్చారు. వాళ్ల పెద్ద గోవిందరాజులు గూళ్లకు వేలాడుతున్న అట్టలు చూశాడు.

“ఎర్ర అట్ట టీకా వేసిన గూడు కదా? ఇందులో ఆరింటికి ఐదు పోయాయి. ఉప్పునీళ్ల గూట్లో ఒక్కటే పోయింది. ఇంక చెప్పేదేముందమ్మా?”

సుధారాణి ఆ ఎర్ర అట్టనే చూస్తూ నిలబడిపోయింది. ఇంకొకసారి చూడండి సార్ అని కూడా అనలేదు. వచ్చే నెల నుంచి గ్రాంటు ఆపేస్తామని చెప్పి వాళ్లు కారెక్కారు.

అప్పుడే చెప్పాల్సింది పాపక్క. చెప్పలేదు. పని పోతుందన్న భయం మొదటి రెండు రోజులు కొండంత ఉండింది. ఆ తర్వాత సుధారాణి క్యారియర్ విప్పకుండా ఇంటికి తీసుకుపోవడం చూసి, ఆ భయం చిన్నదైంది. పాపం పెద్దదైంది. ఇప్పుడు ఈ పెట్టెలు కడుతుంటే తాను చంపిన మనిషికి తానే పాడె కడుతున్నట్టుంది.

“అమ్మా, నీ కొంప ముంచింది నేనేమ్మా,” అంది ఉన్నట్టుండి.

“ఏమైంది పాపక్కా?”

“ఆ పొద్దు పెద్దోళ్లు వస్తాండారని తెల్లారేపాటికే వచ్చి గూళ్లు రెండూ తళతళా కడిగితి. అట్టలు తడుస్తాయని తీసి పక్కన పెడితి. రోగమెక్కిచ్చిన కుందేళ్ల గది సూసే అరుణ్ కుమార్ లీవులో ఉండె గదా, ఆ గది పని నాకు అదే మొదులు. మళ్లా పెట్టేటప్పుడు యాడిది ఆడ పెట్టలేదమ్మా.”

సుధారాణి మెల్లగా ఇటు తిరిగింది. “నువ్వా?” అంది.

ఆ ఒక్క మాటకే పాపక్క ఏడ్చేసింది. “నేనేమ్మా. ఎర్రట్ట కిటికీ పక్క గూటికి ఉండె. కొత్త తీగతో బిగిచ్చి ఉంటే, తీస్తాంటే వేలికి గుచ్చుకునె. అందుకే బాగా గ్యాపకం. కడిగినాక దాన్ని వాకిలి పక్క గూటికి తగిలిస్తి. ఏదైతే ఏముందిలే అనుకుంటి. ఎర్రట్టంటే టీకా అని ఆ సారు చెప్పినాకే తెలిసె.”

“ఇంకెవరికైనా చెప్పినావా?”

“ల్యా. ఇప్పుడు అందరికీ చెప్తా. కిటికీ పక్క గూట్లో ఐదు బతికినాయి గదమ్మా! అవే టీకా ఏసినవి. నీ టీకా గెలిసింది! ఆ సారుకు ఫోన్ కలుపు, దేవుని మింద ఒట్టేసి నేనే చెప్తా. నన్ను పన్లోంచి తీసేసినా సరే.”

ఎగిరి గంతేస్తుందనుకున్న మనిషి స్టూలు మీద కూలబడింది. ఫోన్ తీసి గోవిందరాజులు నంబరు నొక్కింది. పాపక్కకు గుండె తేలికైంది. వారం తర్వాత నోటికి నవ్వొచ్చింది.

“మా ఊరికే ముందన్నావు, మర్సిపోవద్దు. మా కూతురు కుసుమ సాకే పెయ్యకే మొదటి సూదెయ్యి. తొలిసూలుతో ఉండాది, ఆ బిడ్డకు దాని మిందే పానమంతా.”

“హలో, చెప్పమ్మా సుధారాణీ,” అంది ఫోన్లో గొంతు.

సుధారాణి ఫోన్ కట్ చేసింది. పాపక్క తడి చేతులు రెండూ పట్టుకుంది. “నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. ఎర్రట్టను సరైన గూటికే తగిలిచ్చినావు,” అంది.

“ఎట్లమ్మా? అది కిటికీ పక్క గూటికి గదా ఉండె?”

“గ్రాంటు పోతాదని ముందు రోజు దాన్ని ఆడికి మార్చింది నేనక్కా.”