బొమ్మలకు కళ్ళు

అంతర్జాతీయ వ్యాపారంలో పీజీ చదివే ఆ క్లాసులోకి ఒక రోజు ఒక తాతయ్య పుస్తకాల సంచీతో వచ్చి కూర్చున్నాడు.

కొత్త మాస్టారనుకుని అందరూ లేచి నిలబడ్డారు.

మాస్టారు వచ్చారేమోనని ఆయన కూడా లేచి నిలబడ్డాడు.

ఫీజు కట్టి చేరిన విద్యార్థేనని తెలిశాక క్లాసంతా నవ్వుల్లో మునిగింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే చోటు, కిటికీ దగ్గర, పడవ పక్కన.

పడవ అంటే మనిషే. నోట్సు రాయమంటే అంచుల్లో పడవలు గీసే అమ్మాయికి స్నేహితులు పెట్టిన పేరు. మేడమ్ దిగుమతి సుంకాల గురించి చెబుతుంటే ఆమె మనసు ఏదో రేవులో దిగి తిరుగుతుండేది. పొగమంచులో ఓడలు, పేరు తెలియని ఊళ్ళో దీపాలు, అర్థం కాని భాషలో ఎవరో పిలుస్తున్నట్టు కేకలు.

"నీళ్ళు చూస్తేనే జలుబు చేసే దానివి, నీకు సముద్రాలెందుకే," అనేది పిన్ని.

ఈసారి ఆ కల చేతికందేంత దగ్గరికి వచ్చింది. క్లాసులో ఒక్కరిని సముద్రం అవతలి విశ్వవిద్యాలయంలో ఒక టర్ము చదవడానికి పంపుతారు. దానికి పరీక్ష, పాఠ్యపుస్తకంలోని, ఎప్పుడో నిజంగా జరిగిన ఒక బొమ్మల కంపెనీ కథ.

చెక్కబొమ్మలు చేసే ఒకాయన తన కంపెనీని విదేశీ సంస్థకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. ధర కుదిరింది. కాగితాలు సిద్ధమయ్యాయి. తీరా సంతకం పెట్టాల్సిన వేళకు కలం కింద పెట్టి, మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళిపోయాడో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. నమ్మేలా జవాబు రాసిన వాళ్ళకే ఆ సీటు.

"ఎందుకు పోయాడంటావమ్మా?" అని అడిగాడు తాతయ్య.

"పిచ్చివాడై ఉంటాడు తాతయ్యా."

"అయ్యుండొచ్చు," అని ఆయన కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఈ వయసులో ఈ చదువేమిటంటే, ఒక అనుమానం మిగిలిపోయిందనీ, అది తీర్చుకుందామని వచ్చాననీ చెప్పాడు. ఏం అనుమానమో ఆమె అడగలేదు. అప్పటికే ఆమె మనసు ఓడెక్కేసింది.

ఆయనతో గొడవేమీ లేదు. లేచిన ప్రతిసారీ కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి నెట్టి మరీ వెళ్ళేవాడు. క్లాసయ్యాక గదంతా సంతలా ఉంటే ఆయన కుర్చీ ఒక్కటే బుద్ధిగా ఉండేది. దాని మీద కూడా జోకులు వేశారు.

రాసే ముందు ఆ కథను క్లాసులో నటించి చూడాలన్నారు మేడమ్. చీటీలు తీస్తే, కొనడానికొచ్చిన విదేశీ సంస్థ తరఫు మనిషి పాత్ర పడవకూ, బొమ్మల యజమాని పాత్ర తాతయ్యకూ వచ్చాయి. యజమాని లేచి వెళ్ళిపోకుండా సంతకం పెట్టించగలిగితే పడవ సీటుకు సగం దూరం చేరినట్టే.

పడవ బేరం మొదలుపెట్టింది. ధర పెంచింది. ఇంకా పెంచింది. తాతయ్య అన్నిటికీ సరేనంటూ తల ఊపాడు. కలం అందుకున్నాడు.

అందుకుని, ఏదో అడుగుతుందేమో అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపంతా సంతకం పడాల్సిన చోటే ఉంది.

ఆయన కలం కింద పెట్టి లేచాడు. కుర్చీని బల్ల కిందికి పొందిగ్గా నెట్టి, బయటికి నడిచాడు.

క్లాసు పగలబడి నవ్వింది. పడవకు ఏడుపొచ్చింది.

వరండాలో ఆయన్ని పట్టుకుంది. "ధర చాలకపోతే చెప్పొచ్చు కదా తాతయ్యా. నా సీటు ముంచేశారు."

"ధరకేమమ్మా, బంగారంలా ఉంది. రోజూ పొద్దున్నే బొమ్మలకు కళ్ళు పెట్టేవాణ్ణి. కళ్ళు పెట్టగానే అవి ముందు నన్నే చూసేవి. అమ్మేశాక మర్నాడు పొద్దున్న నేనేం చేయాలి? ఒక్కరూ అడగలేదు. నువ్వన్నా అడుగుతావనుకున్నాను."

పాఠంలో లేని కళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చాడో అనుకుంది పడవ. వేసిన వేషం ఇంకా వదల్లేదు కాబోలు.

"నాటకం అయిపోయింది తాతయ్యా," అని విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆయన రాలేదు.

ఆ ఉక్రోషమంతా ఆమె జవాబులో కుమ్మరించింది. యజమాని ఒట్టి ఆశపోతనీ, ఇంకా ఎక్కువ రాబట్టాలని బెట్టు చేసి, ఉన్నదీ పోగొట్టుకున్నాడనీ రాసింది. కోపంలో రాసిన మాటలకు పదునెక్కువ. చదివి మేడమ్ మురిసిపోయారు.

సీటు పడవకే వచ్చింది.

చివరి క్లాసులో మేడమ్ ఒక పాత ఫోటోను తెర మీద వేశారు. ఆ సంతకాల రోజున విదేశీ సంస్థ వాళ్ళు తీయించుకున్నదట, ఈ మధ్యే ఎక్కడో దొరికిందట.

పడవ అప్పటికే తన రేవులో ఉంది. ఫోటో కూడా ఆ రేవులాగే పొగమంచు పట్టినట్టు మసగ్గా ఉంది. పొడవాటి బల్ల, దాని చుట్టూ నివ్వెరపోయి లేచి నిలబడ్డ మనుషులు, గుమ్మం దాటుతున్న ఒకాయన వీపు. జుట్టు నల్లగా ఉంది. ముఖం కనిపించడం లేదు.

"ఇదిగో, మన ఆశపోతు," అన్నారు మేడమ్. అందరూ నవ్వారు.

పడవ నవ్వలేకపోయింది.

కంగారుగా లేచిన వాళ్ళ కుర్చీలన్నీ ఎటుపడితే అటు తిరిగి ఉన్నాయి. వెళ్ళిపోతున్న ఆయన కుర్చీ ఒక్కటే, ఇప్పుడు ఆమె పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలాగే, బల్ల కిందికి పొందిగ్గా నెట్టి ఉంది.