కోడలి వేలిముద్ర

అత్తగారు మాణిక్యమ్మ మందుల గురించి వంటింట్లో మాత్రలిచ్చే గోడపెట్టెలోని యంత్రపు డాక్టర్లు పొద్దున్నే తగువు మొదలెట్టారు.

రక్తాన్ని పల్చబరిచే మాత్ర వెయ్యకపోతే పక్షవాతం తప్పదంది గుండె డాక్టరు గొంతు. వేస్తే కడుపులో పుండు పగిలి రక్తం పోతుందంది కడుపు డాక్టరు గొంతు. వాళ్ళకి కుదరకపోతే రోగిని చూసుకునే మనిషి వేలిముద్ర వేసి తేల్చాలి.

కోడలు సుగుణ పప్పులో రెండోసారి ఉప్పు వేసింది.

"త్వరగా తేల్చండి," అంది పెట్టె.

"అంత చదివిన మీకే తేలకపోతే నాకెలా తేలుతుంది?" సుగుణ గరిటె విసిరికొట్టింది.

మాణిక్యమ్మ గోడ పట్టుకుని వచ్చి కోడలి చెయ్యి అందుకుంది. "నేను మంచాన పడితే చాకిరీ నీది. రక్తం పోతే పోయేది నేనొక్కదాన్నే. మాత్ర ఇవ్వమను."

సుగుణ వేలు ముడుచుకుంది. అత్తగారు దాన్ని విప్పి పెట్టెకి నొక్కింది.

మాత్ర రాలింది. "నిర్ణయం కోడలిది," అంది పెట్టె.