మేడ మీద వాసన

సుబ్బమ్మగారు చెంచా పైకెత్తారు. పులిసిన సోయా గింజల వెంట జిగురు తీగలు గిన్నెదాకా సాగాయి. తడి మేజోళ్ల కంపు వరండా అంతా పరుచుకుంది.

"దీన్ని నత్తో అంటారటండి. జపాన్‌లో వాళ్ల మితో ఊరి ప్రత్యేకం. పొద్దున్నే అన్నంలో ఇది లేకపోతే ఈయనకి తెల్లారినట్టే ఉండదట," అన్నాను.

జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఉద్యోగం. సుబ్బమ్మగారి మేడ మీద కొత్తగా దిగిన జపాన్ ఇంజినీరు ఇషికావాగారి ఇంగ్లీషు ఆవిడకి తెలుగులో చెప్పడానికి వచ్చాను.

ఆవిడ కళ్లు మూసుకుని ఒక చెంచా మింగారు. డోకు వచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"బాగుందని చెప్పు రూబీ."

చెప్పాను. ఆయన సంతోషపడి, "రోజూ తింటాను. ఈ వాసన మీకు ఇబ్బందా?" అని అడిగించారు.

"ఇబ్బందేముందమ్మా. ఎవరి తిండి వాళ్లకి ముద్దు. తినేదాన్నిబట్టి మనుషుల్ని కాదంటామా? అలా చెప్పు."

నాకు అసలు డోకు అప్పుడొచ్చింది. రెండేళ్ల క్రితం ఇదే మేడ నేను అద్దెకడిగితే, "మీ ఇళ్లల్లో ఎండుచేపలు వండుతారుగా, ఆ కంపు మేం పడలేం" అని ఈ వరండాలోంచే నన్ను తిప్పి పంపింది ఈవిడే.

"ఆగిపోయావేం? చెప్పమ్మా."

"ఆయనకి చెప్తానండి. ముందు ఆ మాట ఒక్కసారి నా మొహం చూసి అనండి."

సుబ్బమ్మగారు నా మొహం చూడలేదు. గబగబా ఇంకో చెంచా నత్తో నోట్లో పెట్టుకున్నారు.