ఏడున్నర గ్రాముల నాణెం

అరవై ఒకటో నాణెం కూడా ఠంగుమని కింది గిన్నెలో పడింది.

ఓట్మార్ పళ్ళు కొరికాడు. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఆ పాత జూదపు యంత్రం నోట్లో ఏ నాణెం వేసినా మింగదు, ఉమ్మేస్తుంది. లోపల చిన్న ఇత్తడి త్రాసు ఉంది. దానికి సరిగ్గా ఏడున్నర గ్రాముల బరువు కావాలి, ఇరవై మూడుంబావు మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. కైజర్ చక్రవర్తి కాలం నుంచి రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా జర్మనీలో ముద్రించిన ప్రతి బిళ్ళా తెచ్చి వేశాడు. ఒకటి బరువు చాలదు, ఇంకొకటి సందులో పట్టదు.

యంత్రం మాత్రం మహా వింతది. ఓక్ చెక్క పెట్టె, ముందు ఇత్తడి గుడ్లగూబ, మూడు చక్రాలు. ఎక్కడైనా చక్రాలు పైనుంచి కిందికి తిరుగుతాయి, దీనివి కిందినుంచి పైకి. చేసినవాళ్ళ పేరు లేదు. కెమ్నిట్స్ పాతసామాన్ల సంతలో అది కంటపడగానే ఓట్మార్‌కి గుండె ఆగినంత పనయింది. ఇంటికి తెచ్చి వార్నిషు వాసన చూశాడు, ఇత్తడిని నాలుకతో తాకాడు, "1927, వసంతకాలం" అని తేల్చేశాడు. నెల కూడా చెప్పేవాడే, ఆ రోజు జలుబు చేసింది.

మరమ్మతంటే ఆయనకి మడి. యుద్ధం తర్వాత పుట్టిన వస్తువేదీ ఆ పనిగదిలోకి రాకూడదు. ఫోను, పర్సు, చేతి గడియారం బయట బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళేవాడు. పెళ్ళాం హైడ్రున్ 1951లో పుట్టింది కాబట్టి కాఫీ గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళేది. ఆయన పుట్టింది 1949లో అన్న సంగతి మా ఊళ్ళో ఎవరూ ఎత్తేవారు కాదు.

"కాఫీ చల్లారిపోతోంది. నీ యంత్రం ఎలాగూ తాగదు, నువ్వైనా తాగు" అంది హైడ్రున్ గుమ్మంలోంచి.

"ఒక్క నాణెమూ పట్టట్లేదే!"

"నా కోటు బొత్తాం పీకి ఇవ్వనా?"

"నీకు నవ్వులాటగా ఉంది. శనివారం మండలి సభ లోపు ఇది తేలకపోతే ఆ గెర్నోట్ గాడు నడిబజార్లో నా పరువు తీస్తాడు."

తీస్తాడు మరి. పాత యంత్రాల మిత్రమండలిలో ఒక పద్ధతుంది. ఎవరూ ఎరగని యంత్రాన్ని గుర్తుపట్టినవాడి పేరే దానికి పెడతారు. ఓట్మార్ ముప్ఫై ఏళ్ళుగా కలలు కంటున్నది దానికే. అడ్డం గెర్నోట్. ఆరేళ్ళ కిందట గెర్నోట్ మురిసిపోతూ తెచ్చిన 1912 నాటి యంత్రంలో ఓట్మార్ ఒక ప్లస్ గుర్తు స్క్రూ పట్టుకున్నాడు, ఆ రకం స్క్రూలు పుట్టిందే ఇరవై ఏళ్ళ తర్వాత. "1912లో ఈ స్క్రూ ఏ కొట్లో దొరికిందండీ?" అని నిండు సభలో అడిగాడు. పాపం గెర్నోట్ రెండేళ్ళు బయట మొహం చూపించలేదు.

గురువారం ఆపిల్ కేకు తింటుండగా ఓట్మార్‌కి వెలిగింది.

"హైడ్రున్! ఆ నాణెం దొరకట్లేదంటే దాచేశారన్నమాట! 1927లో ప్రభుత్వం గుట్టుగా కొత్త నాణెం తలపెట్టింది. యంత్రాలు చేసేవాళ్ళకి ముందే కొలతలు చెప్పింది. తర్వాత మనసు మార్చుకుంది!"

"ఆధారం?"

"ఎక్కడా లేదు. ఎంత గట్టిగా దాచారో చూశావా!"

హైడ్రున్ ఇంకో ముక్క కేకు కోసి పెట్టింది. పెళ్ళై నలభై ఏడేళ్ళయిన మనిషి, ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు.

శనివారం పురపాలక భవనం నిండిపోయింది. ఓట్మార్ నలభై రెండు పేజీల వ్యాసం చదివాడు. గెర్నోట్ ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"కథ బాగుందయ్యా. రుజువేదీ?" అన్నాడు.

"ఇదిగో." ఓట్మార్ పాత నాణేల పళ్ళెం ముందుకు తోశాడు. "వేసుకోండి. అందరూ వేసుకోండి. ఒక్కటి మింగిందంటే నా వ్యాసం చింపి పారేస్తాను."

సభ్యులు వరసకట్టారు. యంత్రం ఒక్కొక్కటే ఉమ్మేసింది. ఉమ్మినప్పుడల్లా చప్పట్లు. చివరికి గెర్నోటే లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "ఒప్పుకున్నా గురువుగారూ. మీ ముందు మేం పిల్లకాయలం."

ఓట్మార్ కళ్ళు చెమర్చాయి. ఆనందం పట్టలేక హైడ్రున్‌ని అందరి ముందూ కావలించుకున్నాడు. అధ్యక్షుడు మండలి పుస్తకం తెరిచి "ఓట్మార్ యంత్రం, 1927" అని సిరాతో రాశాడు. సిరాతో రాసింది కొట్టివేయడానికి మండలి నియమాల్లో వీల్లేదు.

అప్పుడు వచ్చింది మా మేయరమ్మ, అరగంట ఆలస్యంగా, రొప్పుతూ.

"క్షమించాలి, దార్లో సరుకులు కొనాల్సి వచ్చింది. ఇదేనా ఆ వింత? ఓసారి ఆడి చూడొచ్చా?"

"మీరే కాదమ్మా, ఎవరూ ఆడలేరు" అన్నాడు ఓట్మార్, ఛాతీ విరుచుకుని. "దీని నాణెం ఈ భూమ్మీదే లేదు. కావాలంటే ఏదైనా వేసి చూడండి!"

మేయరమ్మ కోటు జేబు తడుముకుని, సూపర్ మార్కెట్లో సరుకుల బండి గొలుసు విడిపించేందుకు ఎప్పుడూ దగ్గరుంచుకునే బిళ్ళను, 2002లో మొదటిసారి జనం చేతికొచ్చిన ఒక యూరో బిళ్ళను, అందులో వేసింది; మూడు చక్రాలూ హాయిగా కిందినుంచి పైకి తిరిగాయి.