నాలుగో దెబ్బ

మూడు శుక్రవారాలుగా నది అవతల డఫ్ మోగలేదు. మా ఆవిడ నవ్‌బహోర్ కాలు కాలిన పిల్లిలా పొయ్యికీ పెరటికీ మధ్య తిరుగుతోంది.

పాంజ్ నదికి అవతలి ఒడ్డు వేరే దేశం. వంతెన మూసేసి నాలుగేళ్లయింది. గట్టు మీదికి సైనికులు పోనివ్వరు. అందుకే అవతలి ఊళ్లో ఉన్న మా ఆవిడ అక్క సావ్‌సన్ శుక్రవారం మధ్యాహ్నం తన పెరట్లో డఫ్ వాయిస్తుంది. బతికే ఉన్నానని చెప్పడమది. మా ఆవిడ ఇటునుంచి వాయించి బదులిస్తుంది.

"నదిహోరులో వినపడ్డం లేదేమోనే," అన్నాను.

"నీళ్లు తగ్గి నెలయింది. మీ చెవులేమయ్యాయి?" అంటూ డఫ్‌ని మళ్లీ పొయ్యి దగ్గర పెట్టింది.

"ఇంకా కాచావంటే తోలు పగుల్తుంది!"

అప్పుడే అవతల డఫ్ మోగింది. ఎగిరి గంతేశాను.

"విన్నావా? మీ అక్కే! ఇంక కుదురుగా కూచుని ఆ ఉప్పేసిన పాల టీ ఇటివ్వు."

ఆమె డఫ్ ముట్టకుండా నది వైపే చెవొగ్గింది.

"వాయించవే, అక్కడ మీ అక్క ఎదురుచూస్తుంటుంది."

"అక్కకి నాలుగో దెబ్బ ఎప్పుడూ ఆలస్యంగా పడుతుంది. అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా మారలేదు."

"అయితే?"

"వినండి. ఒక్క దెబ్బా తాళం తప్పడం లేదు."

కాసేపటికి డఫ్ అందుకుంది. పుట్టి బుద్ధెరిగి తాళం తప్పని మా ఆవిడ, ప్రతిసారీ నాలుగో దెబ్బ ఆలస్యంగా వేసింది.

అవతల డఫ్ ఆగిపోయింది.